మొదటి 18 మీటర్ల కోసం: నా పికప్పుకు టైర్లు, రిమ్ములు ఎంచుకున్న అనుభవం

బెంగళూరు అవతల ఒక ప్రైవేటు రన్‌వే మీద, అనుమతులన్నీ తీసుకుని, అంబులెన్సును పక్కన నిలబెట్టి జరిపిన డ్రాగ్ పోటీలో (నిలిచిన చోటు నుంచి తిన్నగా పరిగెత్తి ఎవరు ముందు గీత దాటుతారన్న పందెం) నా పికప్పు మొదటిసారి పరిగెత్తింది. గీత దాటి వెనక్కి వచ్చాక చేతికి ఒక చీటీ ఇచ్చారు. 402 మీటర్లకు 19.58 సెకన్లు. డీజిల్ పికప్పు ఇంతకంటే ఏం పరిగెత్తుతుందిలే అనుకుని జేబులో పెట్టుకోబోయాను. పక్కనున్న మెకానిక్ ఆ చీటీ తీసుకుని, పై వరుసలో ఉన్న మరో అంకె కింద గోటితో గీత గీశాడు. మొదటి 60 అడుగులకు 3.05 సెకన్లు. "ఇంజన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి సార్. ముందు నేలకు తగులుతున్నది ఏమిటో చూసుకోండి" అన్నాడు.

60 అడుగులంటే 18 మీటర్ల పైచిలుకు. 6 మీటర్ల ఎడంతో నాటిన మా చీనీ (బత్తాయి) తోటలో మొదటి చెట్టు నుంచి నాలుగో చెట్టు వరకు ఉండే దూరం. అక్కడ సెకనులో పదో వంతు పోగొట్టుకుంటే చివరి గీత దగ్గర దానికి ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెండు రెట్లు పోతుందని డ్రాగ్ పందేలవాళ్ల లెక్క. ఆ తర్వాతి పది నెలలు నేను పడిన శ్రమంతా ఆ నాలుగు చెట్ల దూరం కోసమే.

బండి గురించి చెప్పాలి. 2017 మోడల్ ఇసుజు డీమాక్స్ వీ-క్రాస్, మన శ్రీసిటీలో తయారైనది. 2.5 లీటర్ల డీజిల్, 134 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్, అయిదు గేర్లు. గార్లదిన్నె దగ్గరి మా తోట నుంచి అనంతపురం మార్కెట్‌కు కాయలు వేసుకు రావడానికి పాతది కొన్నాను. మొదటి యజమాని బెంగళూరువాడు. కంపెనీ ఇచ్చిన 16 అంగుళాల చక్రాలు తీసేసి, నల్లగా మెరిసే 20 అంగుళాల అలాయ్‌లు, 265/50 టైర్లు (వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 50 శాతం) వేయించాడు. నిజం చెప్పాలంటే ఆ చక్రాలు చూసే నేను ఆ బండి మీద మనసు పడ్డాను. వాటిని పక్కన పెట్టాల్సి వస్తుందని అప్పుడు ఎవరైనా చెప్పినా వినేవాణ్ని కాదు.

ఆ రోజు స్టార్టు గీత దగ్గరికి నడుచుకుంటూ వెళ్లి నేల చూశాను. నా బండి వదిలిన నల్లని చార ఒక్కటే ఉంది, అదీ కుడి వెనుక చక్రానిది. ఎడమ చక్రం దాదాపు ఏ గుర్తూ వదలలేదు. నా బండి డిఫరెన్షియల్ మామూలుది. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ సమానంగానే పంచుతుంది, కానీ ఒకటి జారితే రెండోదానికి అందేది కూడా ఆ జారే చక్రం నేలను పట్టుకోగలిగినంతే. ప్రొపెల్లర్ షాఫ్ట్ మెలితిప్పే బలానికి వెనుక యాక్సిల్ ఒక పక్కకు ఒరుగుతుంది, కుడి చక్రం మీద బరువు తగ్గుతుంది. ఖాళీ పికప్పులో వెనుక ఉండే బరువే తక్కువ, అందులో ఒక మూలన ఇంకా తగ్గితే ఏ టైరైనా జారక ఏం చేస్తుంది?

ఆ బరువెంతో చూద్దామని ఊరికి వచ్చిన వారంలోనే వే బ్రిడ్జి ఎక్కించాను. ముందు చక్రాలు మాత్రమే ఎక్కితే 1,110 కిలోలు, వెనుకవి మాత్రమే ఎక్కితే 830. మొత్తం బండిలో సగం కంటే తక్కువ బరువు, ముందుకు నెట్టాల్సిన చక్రాల మీద ఉంది. తర్వాత చక్రాలు ఊడదీసి మామయ్య వేరుశనగ మిల్లులో బస్తాలు తూచే కాటా మీద పెట్టాను. 20 అంగుళాల రిమ్ము, టైరు కలిపి 38 కిలోలు. పాత సామాన్ల వ్యాపారి దగ్గర దొరికిన ఇదే మోడల్ 16 అంగుళాల కంపెనీ చక్రం, 245/70 టైరుతో సహా 26 కిలోలు. ఒక్కో చక్రానికి 12 కిలోల తేడా.

ఈ 12 కిలోలు బండిలో పెట్టిన 12 కిలోల బస్తా లాంటివి కావు. ఈ విషయం అర్థమైన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. బస్తాను ముందుకు మాత్రమే జరపాలి. చక్రం అంచున ఉన్న బరువును ముందుకూ జరపాలి, గుండ్రంగానూ తిప్పాలి. సరిగ్గా అంచున ఉన్న బరువు వేగం అందుకునేటప్పుడు రెట్టింపు బరువులా పనిచేస్తుంది. చక్రం మధ్యలో, హబ్బు దగ్గరున్న లోహానికి ఆ లెక్క అంతగా వర్తించదు. పెద్ద రిమ్ము వేసినప్పుడు జరిగేది ఇదే: బరువైన లోహం మధ్యలో నుంచి అంచు వైపు వెళుతుంది. నాలుగు చక్రాల మీద 48 కిలోల తేడా ఉంటే, బండి దాన్ని 80 కిలోలకు పైగా మోసినట్టు మోస్తోంది.

ఇంకొకటి ఎత్తు. 265/50 ఆర్20 టైరు మొత్తం ఎత్తు 773 మిల్లీమీటర్లు. 245/70 ఆర్16 దాదాపు 749. టైరు పొట్టిదైతే అదే గేరులో, అదే ఇంజన్ బలంతో నేలను ఎక్కువగా నెడుతుంది, గేరు నిష్పత్తి మార్చినట్టే. కానీ ఇక్కడ నేను మొదట ఒక పొరపాటు చేశాను. పొట్టి టైరు వేస్తే స్టార్టింగ్ బాగుంటుందనుకున్నాను. మొదటి గేరులో నా బండికి బలం తక్కువై కాదు, ఎక్కువై టైరు జారుతోంది. అక్కడ పొట్టి టైరు వల్ల ఒరిగేదేమీ లేదు. దాని ఉపయోగం రెండో గేరు నుంచి మొదలవుతుంది. మొదటి 18 మీటర్లకు కావాల్సింది వేరు: మెత్తని రబ్బరు, వంగే గోడ, సరైన గాలి.

టైరు గోడ సంగతే పందేల వాళ్లకు ప్రాణం. అమెరికాలో డ్రాగ్ పోటీలకు దించే పికప్పులు చాలావాటికి వెనుక 15 అంగుళాల రిమ్ములే ఉంటాయి, వాటికి ఎత్తైన గోడలున్న స్లిక్కులు, అంటే గాడులు లేని నున్నటి టైర్లు, తొడుగుతారు. క్లచ్చు వదలగానే ఆ గోడ ముడతలు పడి, దెబ్బను ఒక్కసారిగా నేలకు తగలనివ్వకుండా కాస్త నిదానింపజేస్తుంది. ఆలోపు రబ్బరు నేలను పట్టుకుంటుంది. నా 20 అంగుళాల చక్రానికి గోడ 13 సెంటీమీటర్లు. 245/70 ఆర్16కు 17. ఆ నాలుగు సెంటీమీటర్లే నా స్టార్టింగ్. అక్కడివాళ్లు ముందు వైపు సైకిలు చక్రాల్లాంటి సన్నటివి వేసి బరువు తగ్గించుకుంటారు. కాయల లోడుతో జాతీయ రహదారి మీద బ్రేకు వేయాల్సిన బండికి అది తగని పని. ఆ ఆలోచన అప్పుడే వదిలేశాను.

అసలైన డ్రాగ్ రేడియల్స్, అంటే ఈ పోటీల కోసమే మెత్తని రబ్బరుతో చేసే టైర్ల కోసం రెండు నెలలు వెతికాను. 2020 జూన్‌లో విదేశీ టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశాక అలాంటివి దొరకడం బాగా తగ్గింది. దొరికేవాటిలోనూ 16 అంగుళాల రిమ్ముకు సరిపోయే ఎత్తైన సైజు అరుదు. ఒక వ్యాపారి ఫోను చేసి, "కొత్తవే సార్, ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు" అని రెండు టైర్లు చూపించాడు. ఒక్క కిలోమీటరు తిరగని మాట నిజమే. గోడ మీద నాలుగు అంకెల తేదీ చూస్తే 2716. అంటే 2016లో 27వ వారం. బొటనవేలి గోరు గుచ్చితే ముద్ర పడలేదు. మెత్తదనం కోసమే కొనే టైరు ఏళ్ల తరబడి గోదాములో గట్టిపడిపోతే దాన్ని ఏ ధరకు కొన్నా దండగే. టైరు కొనేవాళ్లు ఎవరైనా, పందేనికి కాకపోయినా సరే, ముందు ఆ నాలుగు అంకెలు చదవండి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం.

చివరికి మన దగ్గర దొరికే మామూలు టైర్లలోనే ఎంచుకోవాలని తేల్చుకున్నాను. అనంతపురంలో నేను ఎప్పుడూ వెళ్లే టైర్ల షాపు భాయ్ దీనికి చాలా ఓపికగా సాయం చేశారు. మొదట నేను మట్టి దారికీ తారుకూ పనికొచ్చే, మోటు గళ్లున్న ఆల్ టెర్రెయిన్ టైర్ల మీద మొగ్గు చూపాను, పికప్పుకు అవే కదా అందం. ఆయన ఒక టైరు పక్కన పెట్టి, గడిని బొటనవేలితో అటూ ఇటూ కదిపి చూపించారు. "అన్నా, తారు మీద ఇది ఇలా ఊగుతుంది. ఊగే ముక్క పట్టుకోదు. నీకు రోడ్డు టైరు కావాలి" అన్నారు. గాడి ఎంత లోతుంటే గడి అంత వంగుతుంది. అందుకే పోటీల్లో కొందరు కొత్త టైరు పైపొరను చెక్కించి మరీ వాడతారు. సగం అరిగిన హైవే టైరు, పొడి నేల మీద, కొత్త ఆల్ టెర్రెయిన్ టైరు కంటే బాగా పట్టుకుంటుందని నా బండి మీదే తర్వాత చూశాను.

సైజు విషయంలో నా ముందు రెండు దారులున్నాయి. కంపెనీ సైజు 245/70 ఆర్16 ఒకటి. సఫారీ స్టార్మ్‌కు వచ్చే 235/70 ఆర్16 రెండోది. రెండోదాని ఎత్తు 735, అంటే 20 అంగుళాల వాటి కంటే 5 శాతం పొట్టి. 15 అంగుళాల రిమ్ము కూడా ఒకటి తెచ్చి పెట్టి చూశాను, ముందు బ్రేకు కాలిపర్‌కు తగిలింది. మరో కంపెనీ బండి 16 అంగుళాల అలాయ్ ఒకటి ఆరు బోల్టుల్లోనూ చక్కగా కూర్చుంది కానీ మధ్య రంధ్రం హబ్బు కంటే పెద్దది. బరువు హబ్బు మీద కాకుండా బోల్టుల మీద పడుతుంది. బోల్టులు సరిపోయాయని చక్రం సరిపోయినట్టు కాదు. నట్ల కూర్పు కోసుగా ఉందా, గుండ్రంగా ఉందా అన్నదీ, చక్రం బయటికి ఎంత పొడుచుకు వస్తోందన్నదీ అంతే ముఖ్యం. నా 20 అంగుళాలవి కంపెనీ వాటి కంటే బాగా బయటికి ఉండేవి, గట్టిగా బ్రేకు వేస్తే స్టీరింగు చేతుల్లో మెలికలు తిరిగేది. చివరికి పాత సామాన్ల వ్యాపారి దగ్గరే కంపెనీ రిమ్ములు నాలుగూ తీసుకున్నాను. బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పిస్తే ఒకటి వంకర తేలింది, మార్చి ఇచ్చాడు.

బావకు స్టార్మ్ ఉంది. కొనకముందే పరీక్షించాలని దాని టైర్లు రెండు ఆదివారాలు ఇమ్మన్నాను. "నీ పందేనికి నా బండి జాకీల మీద నిలబడాలా?" అన్నాడు కానీ ఇచ్చాడు. అయిదు మిల్లీమీటర్ల గాడి మిగిలిన హైవే టైర్లు, అన్నీ ఒకే తేదీవి. వెనుక రెండూ ఒకే కంపెనీవి, ఒకే వయసువి, ఒకే అరుగుదలవి కావడం నేను మొదట్లో అనుకున్న దానికంటే ముఖ్యం. ఎత్తులో తేడా ఉంటే తిన్నగా పోతున్నా డిఫరెన్షియల్ గేర్లు తిరుగుతూనే ఉంటాయి.

పరీక్షకు రోడ్డు మీదికి వెళ్లే ప్రశ్నే లేదు. బహిరంగ రహదారి మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అలా ఉంచితే, మా ఊరి దారిలో ఎప్పుడు ఏ గొర్రెల మంద అడ్డొస్తుందో నాకు తెలుసు. మామయ్య మిల్లులో కాయలు ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది, 70 మీటర్లు. సీజను అయిపోయాక ఖాళీగా ఉంటుంది. కూలీలెవరూ రాని ఆదివారం ఉదయం గేటు వేయించి, వేరుశనగ పొట్టు, ఎర్రమట్టి లేకుండా రెండుసార్లు ఊడిపించి, 18.3 మీటర్ల దగ్గర సున్నంతో గీత గీశాను. పిన్నికొడుకు ఫోనులో సెకనుకు 240 ఫ్రేములు పట్టే స్లో మోషన్ ఉంది. గీతకు ఎదురుగా గోడ పక్కన నిలబడి వీడియో తీశాడు, ఇంటికి వెళ్లి ఫ్రేములు లెక్కపెట్టుకున్నాం.

ఆ రెండు ఆదివారాలు నేను నేర్చుకున్నది వేరే ఎక్కడా నేర్చుకోలేదు. వెనుక టైర్లలో 35 పాయింట్ల గాలితో, అంటే రోడ్డు మీద నడిపే గాలితో, 2.95 సెకన్లు వచ్చింది. 30కి దించితే 2.86. 26కి 2.78. ఆశ పెరిగి 22కి దించాను. 2.80. మూడుసార్లు చేసినా అంతే. గాలి మరీ తగ్గితే టైరు మధ్య భాగం నేల మీద నుంచి లేచి, బరువంతా రెండు అంచుల మీద పడుతుంది. పైగా ఇంకో ప్రమాదం కనిపించింది. రిమ్ము మీద, టైరు గోడ మీద కలిసేలా ముందుగా సుద్దముక్కతో ఒక గీత గీసి ఉంచాను. 22 దగ్గర ఆ గీత రెండు ముక్కలై, మధ్యలో వేలి వెడల్పు ఎడం వచ్చింది. రిమ్ము తిరిగింది, టైరు దాంతో పాటు తిరగలేదు. ఇంకా దించితే టైరు రిమ్ము నుంచి ఊడి రావచ్చు. 26 దగ్గర గీత చెక్కుచెదరలేదు. అక్కడే ఆగాను.

వెనుక బరువు కోసం ఇసుక బస్తాలు వేయమని బావ సలహా. కళ్లంలో 80 కిలోలు వేసి చూస్తే స్టార్టింగ్ కాస్త మెరుగైంది. కానీ ఆ 80 కిలోలను 402 మీటర్లు లాగాలి, పైగా కట్టని బరువును పోటీలో ఒప్పుకోరు. వద్దనుకున్నాను. స్టెప్నీని మాత్రం తీయలేదు. బరువు తగ్గుతుందని చాలామంది తీసేస్తారు, కానీ పికప్పులో అది వెనుక యాక్సిల్ అవతల, ట్రే కింద, గట్టిగా బిగించి ఉంటుంది. నాకు బరువు కావాల్సిన చోటు అదే. నాలుగు చక్రాలకూ బలం పంపే ఫోర్-హై వాడవచ్చు కదా అని కూడా కొందరు అడిగారు. పొడిగా ఉన్న గట్టి నేల మీద అది వాడవద్దని కంపెనీ పుస్తకంలోనే ఉంది, పైగా నేను పేరిచ్చింది రెండు చక్రాల విభాగంలో.

కొత్త 235/70 ఆర్16 హైవే టైర్లు నాలుగు కొన్నాను. లోడ్ ఇండెక్స్ 106, అంటే ఒక్కో టైరు మోయగలిగేది 950 కిలోలు. ఖాళీ బండికి చాలినంత. కాయల లోడుకు 245లే. వాటినీ ఇంకో సెట్టు రిమ్ముల మీద ఉంచుకున్నాను. కొత్త టైరు మీద అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు పొర ఉంటుంది, అది పోవాలంటే కొన్ని వందల కిలోమీటర్లు తిరగాలి. నాలుగు నెలలు గుత్తి, తాడిపత్రి వెళ్లినప్పుడల్లా అవే వేసుకుని తిరిగాను. పైపొర కాస్త అరిగింది కూడా.

డిసెంబరులో అదే రన్‌వే. తెల్లవారుజామున చలిలో వెనుక 26, ముందు 40 పెట్టాను. ముందు టైరు గట్టిగా ఉంటే తేలిగ్గా దొర్లుతుంది, గోడ మీద రాసిన గరిష్ఠం కంటే అది తక్కువే. పదకొండు గంటలకు నా వంతు వచ్చేసరికి వెనుక సగటున 28 చూపిస్తోంది. వేడి 6 డిగ్రీలు పెరిగితే దాదాపు ఒక పాయింటు గాలి పెరుగుతుంది. అంతకంటే నన్ను కంగారు పెట్టింది, ఎండ పడే వైపు టైరులో 29, నీడ వైపు 27 ఉండటం. రెండూ 26కి సరిచేసి, ఎండ వైపు టైరు మీద గోనెసంచి కప్పి కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు చూసుకుంటూ వెళ్లారు. తర్వాతి గంటలో మరో ఇద్దరు తమ బండ్లకు గుడ్డలు కప్పారు.

స్టార్టు దగ్గర టైర్లు తడిపి తిప్పడానికి నీళ్లు పోసిన చోటు ఒకటి ఉంటుంది. నేను దాన్ని తప్పించి పక్క నుంచి వెళ్లాను. స్లిక్కు మీద నీళ్లు నిలవవు. గాడులున్న టైరు ఆ నీళ్లను గీత దాకా మోసుకుపోయి సరిగ్గా కాలు మోపే చోటే తడి చేస్తుంది. పొడి నేల మీద ఒక్క క్షణం తిప్పి దుమ్ము మాత్రం దులిపాను. మామూలు టైరును అంతకు మించి వేడి చేస్తే రబ్బరు జిడ్డెక్కుతుంది.

దీపాలు పచ్చగా మారాయి. క్లచ్చు వదిలినప్పుడు వెనుక భాగం కూర్చున్నట్టయి, బండి నన్ను సీటుకు నొక్కింది. ఇంతకు ముందు వినిపించిన కీచు లేదు. మూడో గేరు ముందు కంటే త్వరగా అయిపోతుందని తెలుసు కాబట్టి చేయి సిద్ధంగా పెట్టుకున్నాను. చీటీ మీద 60 అడుగులకు 2.74, మొత్తం 18.93. గెలవలేదు, నా విభాగంలో నాలుగో స్థానం. వెంటనే నడుచుకుంటూ వెళ్లి నేల చూశాను. ఈసారి రెండు చారలున్నాయి, రెండూ పొట్టివి, లేత నలుపువి.

సాయంత్రం చిన్న కంప్రెసర్‌తో నాలుగు టైర్లలోనూ గాలిని 35కి సరిచేశాను, టార్క్ రెంచితో నట్లు మళ్లీ బిగించాను. పందెపు గాలితో హైవే ఎక్కితే గోడ వేడెక్కి చీలిపోవచ్చు, ఆ పని పూర్తయ్యేదాకా ఎంత చీకటి పడినా బయలుదేరకూడదని ముందే అనుకున్నాను. 44వ నంబరు రహదారి మీద పెనుకొండ దాటేసరికి అర్ధరాత్రి అయింది. మర్నాడు ఉదయం తోటలో 245లు ఎక్కించి, 235లను కడిగి, మిల్లు గదిలో ఎండ తగలని మూలన, ఒకదాని మీద ఒకటి పేర్చాను. మామయ్య వచ్చి చూసి, 20 అంగుళాలవి ఏం చేస్తావని అడిగాడు. భాయ్ షాపు ముందు అమ్మకానికి పెట్టాను. ఇప్పటికి ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు. ఇద్దరికీ కాటా మీద తూచిన బరువు చెప్పాను.